దేవుడి పొలంలో రాజుగారి ఉల్లిపాయలు

ఇప్పటి దక్షిణ ఇరాక్‌లో, అప్పటి సుమేరులో ఉన్న లగష్ రాజ్యంలో మనిషి చనిపోతే అతన్ని పూడ్చడానికి అయ్యే ఖర్చు ఇంటివాళ్ల నడుం విరిచేది. శవం గోరీ దగ్గరికి వచ్చిందంటే అక్కడి అధికారికి ఏడు కుండల బీరు, 420 రొట్టెలు, కొలత ప్రకారం బార్లీ, ఒక బట్ట, ఒక మేక, ఒక మంచం ముట్టజెప్పాలి. క్రీ.పూ. 2350 ప్రాంతంలో గద్దెనెక్కిన ఉరుకగినా ఆ లెక్కను మూడు కుండల బీరు, 80 రొట్టెలు, ఒక మంచం, ఒక మేకకు దించాడు. ఆ సంగతిని మట్టి శంకువుల మీద రాయించాడు. తనకంటే ముందు ఏమేం అన్యాయాలు జరిగేవో కూడా వాటి మీదే ఉంది. పాలకుడి ఉల్లిమళ్లు, దోసమళ్లు దేవుడి పొలాల్లోకెల్లా మంచి చోట ఉండేవట. వాటిని దేవుడి ఎడ్లే దున్నేవట. పడవల మీద, గొర్రెల మీద, చేపల రేవుల మీద అధికారులు చెయ్యి వేసేవారట. సముద్రం దాకా ఎక్కడ చూసినా తనిఖీదార్లే ఉండేవారట.

దేవుడి పొలంలో రాజు ఉల్లిపాయలు పండించుకోవడం తప్పని సాటి రాజే రాయించిన ఆ మాట నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

ప్రాచీన నదీలోయ నాగరికతల గురించి మనందరికీ నోటికి వచ్చిన వాక్యం ఒకటుంది: మతాన్ని అడ్డుపెట్టుకుని రాజులు, పూజారులు జనాన్ని లొంగదీసుకున్నారు. నేను గ్రూప్స్‌కి చదివే పిల్లలకు ప్రపంచ చరిత్ర చెబుతాను. వాళ్ల నోట్సుల్లో మతం, ప్రభుత్వం, సమాజం అని మూడు గడులు ఉంటాయి. మెసపొటేమియా, ఈజిప్టు, సింధు అని మూడు వరసలు ఉంటాయి. ఏ గడి చూసినా కొద్ది తేడాతో అదే వాక్యం. అది అబద్ధమని నేను అనడం లేదు. కానీ ఆ వాక్యం దగ్గరే ఆగిపోతే ఆ కాలపు మనుషులను మనం గొర్రెల మందగా చూసినట్టే అవుతుంది. దేవుడి పేరు రాజుకి అధికారం ఇచ్చింది, నిజమే. అదే పేరు రాజు మీద ఒక బాకీని కూడా పెట్టింది. ఆ బాకీని అడగగలిగిన చోట జనానికి కాస్త ఊపిరి ఆడింది. అడిగే దారి మూసుకుపోయిన చోట నెలకింత అని గింజలు కొలిపించుకుని బతకడం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఈ మాట ఎందుకంటున్నానో ఆ కాలపు మట్టి పలకల్లో ఉన్న లెక్కలతోనే చెబుతాను.

ముందు నీళ్ల సంగతి. టర్కీ కొండల్లో మంచు కరిగి యూఫ్రటీస్, టైగ్రిస్ నదులకు వరద వచ్చేది వసంతకాలంలో. దక్షిణ ఇరాక్‌లో బార్లీ విత్తేది చలికాలానికి ముందు, కోసేది ఏప్రిల్, మే నెలల్లో. విత్తే వేళకి నదిలో నీళ్లు అడుగంటి ఉంటాయి, పంట చేతికొచ్చే వేళకి వరద మీద పడుతుంది. వానను నమ్ముకుని పంట పండించే నేల కాదది. కాబట్టి కాలువ తవ్వాలి, గట్టు వేయాలి, ఏటా పూడిక తీయాలి. నైలు అలా కాదు. ఎండాకాలం చివర్లో వరద పొలాల మీదికి వచ్చి, ఒండ్రు వదిలి, విత్తే వేళకి దిగిపోయేది. ఈ తేడాని పట్టుకుని సుమేరు దేవుళ్లు కోపిష్ఠులనీ, ఈజిప్టు దేవుళ్లు శాంతమూర్తులనీ సూత్రం కట్టేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఈజిప్టు కథల్లో సెఖ్మెత్ దేవత మనుషులను నరుక్కుంటూ పోతుంది. సుమేరు కథల్లో ఎన్కి దేవుడు జలప్రళయం నుంచి మనుషులను కాపాడతాడు. నది స్వభావాన్ని బట్టి దేవుడి స్వభావం చెప్పేయడం తొందరపాటు. రెండు చోట్లా నది నేర్పిన పాఠం మాత్రం ఒకటే. గింజలు దాచాలి, మనుషులను కూడగట్టాలి, ఎవరికెంతో లెక్క రాయాలి.

సుమేరులో దాచే చోటు గుడి అయింది. ఎరిడు నగరంలో ఒకే స్థలంలో ఒకదాని మీద ఒకటిగా 18 పొరల ఆలయ నిర్మాణాలు బయటపడ్డాయి. అడుగున ఉన్నవి చిన్న గదులు, పైకి వచ్చేకొద్దీ పెద్ద కట్టడాలు. ఉరుక్ నగరంలో ఈయన్నా ఆలయ ప్రాంగణంలో క్రీ.పూ. 3200 ప్రాంతపు పలకలు వేలల్లో దొరికాయి. వాటిలో చాలా భాగం లెక్కలే: బార్లీ, బీరు, గొర్రెలు, పనివాళ్లు. మిగిలినవి రాయసగాళ్లు నేర్చుకోవడానికి రాసుకున్న పదాల పట్టికలు. స్తోత్రాలు, కథలు రాయడం మొదలవడానికి ఇంకా కొన్ని వందల ఏళ్లు పట్టింది. ప్రపంచంలో మనకు తెలిసిన తొలి రాత గుడిలోనే పుట్టింది, అయితే ప్రార్థన రాయడానికి పుట్టలేదు. అదే కాలపు పొరల్లో లెక్కలేనన్ని ముతక మట్టిగిన్నెలు దొరుకుతాయి. పనివాడి రోజు బత్తెం కొలిచి ఇవ్వడానికి వాడేవారని చాలామంది పండితుల అభిప్రాయం.

గుడి అనగానే దీపం, గంట, హారతి మాత్రమే ఊహించుకుంటే ఇదంతా వింతగా అనిపిస్తుంది. మనకు నిజానికి ఇది కొత్త కాకూడదు. విజయనగర కాలంలో తిరుమల ఆలయానికి భక్తులు సమర్పించిన డబ్బుతో ఆలయ గ్రామాల్లో కాలువలు తవ్వించి, చెరువులు బాగుచేయించి, పెరిగిన పంటతో నైవేద్యాలు నడిపించిన వివరాలు అక్కడి శాసనాల్లోనే ఉన్నాయి. గుడి అంటే భూమి, నీళ్లు, వడ్లు, జీతగాళ్లు కూడా. సుమేరు గుడి అంతకు నాలుగు వేల ఏళ్లకు పైగా ముందే ఆ పని చేసింది.

ఉరుక్‌లోనే దొరికిన మీటరు ఎత్తు రాతి కలశం ఒకటి బాగ్దాద్ మ్యూజియంలో ఉంది. 2003 లూటీలో పోయి, కొద్ది వారాల్లో ముక్కలుగా తిరిగొచ్చింది. దాని మీద అడుగున నీళ్లు, దాని పైన పైరు, ఆ పైన గొర్రెలు, ఆ పైన గంపలు మోస్తున్న నగ్న పురుషులు వరసగా ఉంటారు. అన్నిటికన్నా పైన ఇనాన్నా దేవి గుడి ముంగిట కానుకలు అందుకునే దృశ్యం. కానుక తెచ్చిన పాలకుడి బొమ్మ చాలావరకు విరిగిపోయింది. గంపలు మోసేవాళ్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నారు. వాళ్లందరిదీ ఒకే ముఖం. చెక్కినవాడికి వాళ్ల ముఖాల్లో తేడా చూపించాల్సిన పని పడలేదు.

ఈ ఏర్పాటులో భూమికి యజమాని దేవుడు. లగష్ నింగిర్సు అనే దేవుడిది, పక్కనున్న ఉమ్మా రాజ్యం షరా అనే దేవుడిది. రాజు ఆ దేవుడి తరఫున పెత్తనం చేసేవాడు మాత్రమే. రెండు రాజ్యాల మధ్య గుఎదిన్నా అనే మైదానం కోసం నూరేళ్లకు పైగా గొడవ నడిచింది. దేవతల రాజు ఎన్లిల్ సరిహద్దు గీశాడనీ, కిష్ రాజు మెసిలిమ్ తాడు పట్టి కొలిచి రాయి పాతాడనీ లగష్ పాలకుడు ఎన్మెతెనా రాయించాడు. ఉమ్మావాళ్లు వాడుకున్న బార్లీకి వడ్డీ పేరుకుపోయి, కట్టకపోవడంతో తగాదా ముదిరిందని కూడా అందులోనే ఉంది. అంతకుముందు అతని పెదనాన్న ఎయన్నాటుమ్ నిలబెట్టిన విజయ శిల మీద నింగిర్సు శత్రువులను వలలో బంధించి గదతో మోదుతుంటాడు. రెండో వైపు రాబందులు తలలు ఎత్తుకుపోతుంటాయి. నీటి తగాదాని, వడ్డీ తగాదాని దేవుడి యుద్ధంగా మార్చేశారు. నా మాటను ఒప్పుకోనివాళ్లకు ఇంతకన్నా బలమైన ఆధారం దొరకదు. ఒప్పుకుంటాను. ఆ రాబందులు మోసిన తలల్లో ఎన్ని పూడిక తీసే కూలీలవో ఎవరూ రాయలేదు.

ఇంతటి వ్యవహారం తర్వాత వచ్చినవాడు ఉరుకగినా. పాలకుడి ఇళ్లు, పొలాలు నింగిర్సుకి, రాణి ఇల్లు బావు దేవతకి, వాళ్ల పిల్లల ఇల్లు ఆ దేవతల కొడుకుకి తిరిగి అప్పగించానని ప్రకటించాడు. 1877లో ఫ్రెంచివాళ్లు లగష్ రాజ్యంలోని గిర్సు నగరంలో తవ్వకాలు మొదలుపెట్టాక ఆ శంకువులతో పాటు ఆ రాణిగారి ఇంటి లెక్కల పలకలు కూడా వెయ్యికి పైగా బయటపడ్డాయి. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ప్రకటనకీ ఆచరణకీ ఉన్న దూరం తెలుస్తుంది. ఇంటి పేరు బావు దేవత ఇల్లు అని మారింది. అజమాయిషీ మాత్రం రాజు భార్య శాషా చేతిలోనే ఉంది. అక్కడి పనివాళ్లకు గింజలు కొలిచింది ఆమె మనుషులే.

ఈ పలకలనే చదివి ఆంటన్ డైమెల్ అనే పండితుడు 1930ల నాటికి సుమేరు భూమంతా గుడిదేనన్న సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. మన పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే 'పూజారుల రాజ్యం' అన్న మాటకి అదే మూలం. ఆ తర్వాత ద్యాకొనొవ్, గెల్బ్ వంటివాళ్లు కుటుంబాలు పొలాలు అమ్ముకున్న పలకలు చూపించి గుడి భూమి ఒక భాగం మాత్రమేనని తేల్చారు. అంటే గుడి బయట కూడా మనుషులున్నారు, ఆస్తులున్నాయి, అమ్ముకోవాల్సిన అవసరాలూ ఉన్నాయి. అమ్మించే బలవంతులూ ఉన్నారు. ఉరుకగినా శంకువుల మీద దాని గురించి కూడా ఒక నియమం ఉంది. పెద్ద అధికారి పేదవాడి మంచి గాడిదనో, పక్క ఇంటినో కొనాలనుకుంటే ఇతను అడిగిన ధర ఇచ్చి కొనాలి. ఇతను అమ్మనంటే కొట్టకూడదు.

కొట్టకూడదు అని రాయాల్సి వచ్చిందంటే కొట్టేవారన్నమాట.

అనాథనీ విధవనీ బలవంతుడి చేతికి అప్పగించనని నింగిర్సుతో ఒప్పందం చేసుకున్నానన్నాడు ఉరుకగినా. ఆ ఒప్పందంలో రెండో పక్షం దేవుడు. జనానికి అందులో చోటు లేదు. ఇది చిన్న లోపం కాదు. అయినా ఆ మాట ఒకసారి నలుగురిలోకి వచ్చాక వెనక్కి పోలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత లగష్ పాలకుడు గుదెయా అదే అన్నాడు. ఉర్ నగర రాజు ఉర్-నమ్ము చట్టాల ముందుమాటలో అదే ఉంది. అనాథ ధనవంతుడి పాలు కాకూడదు, ఒక్క షెకెల్ (అప్పటి తూకం) వెండి ఉన్నవాడు 60 షెకెల్‌లు ఉన్నవాడి పాలు కాకూడదు. బాబిలోన్ రాజు హమ్మురాబి కూడా అదే అన్నాడు. ప్రతి రాజూ ఆ మాట చెప్పక తప్పని పరిస్థితి వచ్చింది. చెప్పిన మాట నిలబెట్టుకున్నాడా అని అడిగే అవకాశం కూడా దానితో పాటే వచ్చింది.

ఉరుకగినా కథ ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. ఉమ్మా రాజు లుగల్జగేసి లగష్ మీదపడి గుళ్లు తగలబెట్టి వెండి, రత్నాలు దోచుకుపోయాడు. ఆ విధ్వంసాన్ని ఎవరో గుడి గుడికీ వరసగా పలక మీద రాసి, చివర్లో ఉరుకగినా వల్ల తప్పేమీ లేదనీ, లుగల్జగేసి పాపాన్ని అతని దేవత నిసాబానే మెడ మీద మోయాలనీ శపించారు. ఓడిపోయినవాళ్లు గెలిచిన రాజు దేవతను బోనెక్కించారు. దేవుడు గెలిచినవాడి పక్షమే అనే మాట ఆ రోజుల్లో అందరూ నమ్మి ఉంటే ఈ పలక పుట్టేది కాదు.

బాబిలోనియా కాలానికి ఈ బాకీ నేరుగా అప్పుల మీదికే వచ్చింది. అప్పట్లో వెండి అప్పుకి వడ్డీ 20 శాతం, బార్లీ అప్పుకి మూడో వంతు. విత్తనాలకి మూడు కుంచాలు తెచ్చుకుంటే కోతల్లో నాలుగు కుంచాలు కొలవాలి. ఒక ఏడు గట్టు తెగినా, నేల చవుడు తేలినా రైతు మునిగినట్టే. ముందు గొర్రెలు పోతాయి, తర్వాత పొలం, తర్వాత పెళ్లాం పిల్లలు అప్పిచ్చినవాడి ఇంట్లో పనికి పోతారు. చివరికి తనూ అక్కడికే చేరతాడు. సిప్పర్ నగరంలో సూర్యదేవుడు షమాష్ గుడి కూడా అప్పులిచ్చేది. జబ్బుపడినవాడు కోలుకున్నాక దేవుడికి తీర్చాలన్న షరతుతో ఇచ్చిన అప్పులూ వాటిలో ఉన్నాయి. మిగతా అప్పులవాళ్లకి అంత ఓపిక ఉండేది కాదు.

క్రీ.పూ. 1792 నుంచి 1750 దాకా ఏలిన హమ్మురాబి శిల గురించి అందరికీ తెలుసు. రెండు మీటర్లు దాటిన నల్లరాయి, పైన సింహాసనం మీద షమాష్, ఎదురుగా నిలబడ్డ రాజు. 'కంటికి కన్ను' ఒక్కటే మనవాళ్లకి గుర్తుంటుంది. అది కూడా సమానుల మధ్యే. కింది తరగతివాడి కన్ను పోగొడితే వెండి కట్టి బయటపడొచ్చు, బానిస కన్ను పోగొడితే అతని వెలలో సగం యజమానికి కడితే చాలు. సమాజం మూడు మెట్లుగా ఉందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. దీన్ని ఎవరూ వెనకేసుకురాకూడదు, నేనూ రాను. కానీ అదే రాతి మీద 48వ నియమం చూడండి. వరద పొలాన్ని ముంచినా, నీళ్లు లేక పంట పండకపోయినా ఆ ఏడు రైతు అప్పు కట్టక్కర్లేదు, వడ్డీ ఇవ్వక్కర్లేదు, అప్పు పలకను తడిపి మార్చుకోవచ్చు. 117వ నియమం ప్రకారం అప్పుకింద పనికి వెళ్లిన భార్యాబిడ్డలు మూడేళ్లు పనిచేస్తే నాలుగో ఏట విడుదల కావాలి.

నన్ను ఇంతకన్నా ఎక్కువ కదిలించేవి అప్పుల రద్దు ఆజ్ఞలు. లగష్‌లో ఎన్మెతెనా కాలం నుంచే ఇవి ఉన్నాయి. బాబిలోనియాలో కొత్త రాజు గద్దెనెక్కిన మొదటి ఏడే ప్రకటించడం ఆనవాయితీ అయింది. సిప్పర్‌లో ఒక రాజు షమాష్ కోసం బంగారు దివిటీ ఎత్తి ఆ సంగతి చాటాడని ఒక పలకలో ఉంది. బాబిలోన్ రాజు అమ్మిసదుకా క్రీ.పూ. 1646 ప్రాంతంలో ఇచ్చిన ఆజ్ఞ పాఠం చాలావరకు మిగిలింది. బతకడానికి తెచ్చుకున్న బార్లీ, వెండి అప్పులన్నీ రద్దు. వ్యాపారానికి పెట్టుబడిగా ఇచ్చినవి మాత్రం అలాగే ఉంటాయి. వడ్డీ అప్పునే వ్యాపారపు పెట్టుబడిగా మార్చి రాసుకుంటే శిక్ష. బలవంతంగా వసూలు చేసుకున్నది తిరిగి ఇవ్వకపోతే చావే. అప్పుకింద తాకట్టు పెట్టిన మనుషులు ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఆ నిబంధనలు చదువుతుంటే అప్పులవాళ్ల తెలివితేటలు వరసగా కళ్ల ముందుకొస్తాయి. ఏ మోసం ఎలా చేస్తారో ఆజ్ఞ రాసినవాడికి బాగా తెలుసు. అటు అప్పులవాళ్లూ ఊరుకోలేదు. 'ఈ అప్పు రాజాజ్ఞ తర్వాత ఇచ్చినది' అని పత్రాల్లో ముందుజాగ్రత్తగా రాయించుకునేవారు. అలా రాయించుకునే అవసరం వచ్చిందంటే ఆ ఆజ్ఞలు నిజంగా అమలయ్యాయనే కదా. పలకలు నిజంగానే పగలగొట్టారు.

రాజుకి ఇందులో స్వార్థం లేదా అంటే ఉంది. అప్పులో కూరుకుపోయిన రైతు పన్ను కట్టలేడు, సైన్యానికి రాలేడు. వాణ్ని అప్పులవాడి చేతిలోంచి లాక్కోవడం రాజుకి కూడా లాభమే. ఆ లాభం కోసమే అయితే ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయొచ్చు, మానేయొచ్చు. షమాష్ ముందు ఇచ్చిన మాటగా, పట్టాభిషేకం నాటి ధర్మంగా స్థిరపడ్డాక జనం దానికోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. నా దృష్టిలో మతం చేసిన అసలు పని ఆ ఎదురుచూపుని పుట్టించడమే. దయని అడుక్కోవడం వేరు, రావాల్సిందాని కోసం కనిపెట్టుకుని ఉండటం వేరు. ఇంట్లోనే పుట్టిన బానిసలకు మాత్రం ఈ విడుదల వర్తించదని ఆజ్ఞలోనే స్పష్టంగా ఉంది. వాళ్లకి ఎదురుచూడటానికి కూడా ఏమీ లేదు.

ఇక రాజే దేవుడైన చోట ఏమైంది? అక్కద్ రాజు నరామ్-సిన్ క్రీ.పూ. 23వ శతాబ్దంలో తనను దేవుణ్ణి చేసుకున్నాడు. తన నగరం జనమే దేవతలను అడిగి తనకు గుడి కట్టారని రాయించాడు. శిల్పంలో దేవుళ్లు పెట్టుకునే కొమ్ముల కిరీటం పెట్టుకున్నాడు. తర్వాత ఉర్ రాజు షుల్గి కూడా దేవుడయ్యాడు. ఉర్ మూడో వంశం క్రీ.పూ. 2112 నుంచి 2004 దాకా నూరేళ్లకు కాస్త పైగా ఏలి, లక్షకు అటూ ఇటూ పలకలు వదిలిపోయింది. గింజ గింజకీ లెక్క. మగ పనివాడికి నెలకి 60 సిలాల బార్లీ, ఆడ పనిమనిషికి 30. సిలా అంటే ఇంచుమించు లీటరు. నేతశాలల్లో వేలమంది ఆడవాళ్లు, పక్కనే వాళ్ల పిల్లలు. కొన్ని జాబితాల్లో పేరు పక్కన 'చనిపోయింది', 'పారిపోయింది' అని ఒక్క గుర్తు ఉంటుంది, అంతే. ఆ నేతగత్తెల తరఫున షుల్గిని ఏ దేవుడి ముందు నిలబెట్టగలరు? ఉర్-నమ్ము పేరున ఉన్న చట్టాలు నిజానికి షుల్గివేనని కొందరు పండితులంటారు. అదే నిజమైతే దేవుడైన రాజు కూడా అనాథ మాట ఎత్తక తప్పలేదన్నమాట. నా వాదనకి అది అడ్డే. అయినా ఆ జాబితాలు చదివాక, పైన ఇంకెవరూ లేని రాజు కింద బతుకు ఎలా ఉంటుందో నాకు వేరే ఆధారం అవసరం అనిపించలేదు.

ఈజిప్టు ఈ విషయంలో ఇంకా చిక్కు. అక్కడ రాజు మొదటినుంచీ దేవుడే. అయినా మనకు తెలిసిన తొలి సమ్మె జరిగింది అక్కడే. రాజుల లోయలో సమాధులు తొలిచే పనివాళ్లు దెయిర్ ఎల్-మెదీనా అనే ఊళ్లో ఉండేవారు. నెలకి ఒక్కో పనివాడికి నాలుగు బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా బార్లీ రావాలి. మూడో రామ్సెస్ 29వ ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, ఆ గింజలు రావడం ఆగిపోయింది. పనివాళ్లు కాపలా గోడలు దాటి వెళ్లి మూడో థుత్మోస్ గుడి వెనక కూర్చున్నారు. ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, మా మంచి ప్రభువైన ఫరోకి రాయండి అన్నారు. ఈ సంగతులన్నీ రాసిపెట్టిన కాగితం ఇప్పుడు ఇటలీలోని టురిన్‌లో ఉంది. కొంత ధాన్యం ఇచ్చారు, మళ్లీ ఆపారు. వాళ్లు మళ్లీ పని మానేశారు.

అదే రాజు గుళ్లకు ఇచ్చిన దానాల జాబితా కూడా మిగిలింది. 40 మీటర్లకు పైగా పొడవున్న పపైరస్ చుట్ట అది. అమున్ దేవుడికి ఇచ్చిన భూములు, పశువులు, మనుషులు, ధాన్యం అందులో ఉన్నాయి. ఆ చుట్టకీ ఆ ఆకలికీ మధ్య నాలుగేళ్లు కూడా లేవు. ఇదేం ధర్మం అనిపిస్తుంది. పనివాళ్లకీ అదే అనిపించింది. అందుకే వెళ్లి గుడి దగ్గరే కూర్చున్నారు. గాదెలున్నదీ అక్కడే, రాజు మాట ఇచ్చిన దేవుడున్నదీ అక్కడే. వాళ్లు గెలిచినంతవరకు గెలవడానికి కారణాలు కూడా చెప్పుకోవాలి. వాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లున్నారు. వాళ్లు పని చేయకపోతే ఫరోకి పరలోకంలో ఇల్లు లేదు. రాజు నమ్మకమే అతన్ని వాళ్ల మీద ఆధారపడేలా చేసింది. నైలు ఒడ్డున బార్లీ కోసే రైతుకి ఆ పట్టు లేదు, అందుకే ఆ రైతు సమ్మె గురించి మనకి ఏ కాగితమూ లేదు.

దేవుడి పేరుతో రాజుని నిలదీసే హక్కు ఎక్కువసార్లు పూజారుల చేతిలోనే ఉండిపోయిందన్నది కూడా నిజం. బాబిలోన్ కొత్త సంవత్సరం పండగలో ఐదో రోజు రాజు ఆ నగర దేవుడు మార్దుక్ గుడిలోకి వస్తాడు. ప్రధాన పూజారి అతని రాజదండం, కిరీటం తీసేసి, చెంప మీద కొట్టి, చెవులు పట్టి లాగి, మోకాళ్ల మీద కూర్చోబెడతాడు. నేను పాపం చేయలేదు, బాబిలోన్‌ను పాడుచేయలేదు, ఈ నగర పౌరుల చెంప మీద కొట్టలేదు అని రాజు చెప్పాలి. తర్వాత మళ్లీ కొడతాడు. కన్నీళ్లు వస్తే దేవుడు సంతోషించినట్టు. మనకి దొరికిన పాఠం గ్రీకుల ఏలుబడి నాటి ప్రతుల్లోది, కాబట్టి హమ్మురాబి చెంప మీద కూడా దెబ్బ పడిందని చెప్పలేం. నబోనిడస్ రాజు ఏళ్ల తరబడి అరేబియాలోని తేమాలో ఉండిపోతే ఆ పండగ జరగలేదని బాబిలోన్ రాజవృత్తాంతం ఏడాదేడాదికీ రాసిపెట్టింది. క్రీ.పూ. 539లో పర్షియా రాజు సైరస్ నగరంలోకి వచ్చినప్పుడు మార్దుకే తనను ఎంచుకుని పిలిచాడని రాయించాడు. మార్దుక్ పేరుతో నబోనిడస్‌ని దించినవాళ్లలో పూజారుల లాభం ఎంత, ఊళ్లోవాళ్ల గోడు ఎంత అని విడదీయడం కష్టం. పౌరుల చెంప అన్నప్పుడు కూడా లెక్కలోకి వచ్చింది ఆ నగరంలో ప్రత్యేక హక్కులున్నవాళ్లే.

సింధు లోయకి వస్తే నా వాదన అంతా ఒక్కసారిగా నేల మీదికి వస్తుంది. మొహెంజొదారోలో గుడి అని నిస్సందేహంగా చెప్పగల కట్టడం లేదు. రాజభవనం లేదు, రాజు పేరు లేదు, శత్రువుని మోదే దేవుడి శిల్పం లేదు. క్రీ.పూ. 2600 నుంచి 1900 దాకా ఏడు వందల ఏళ్లు ఆ నగరాలు నడిచాయి. ఇటుకల కొలతలు ఒకటి, రెండు, నాలుగు అనే నిష్పత్తిలో ఊరు ఊరికీ కలుస్తాయి. తూకపు రాళ్లూ అంతే. ఒక్క మొహెంజొదారోలోనే 700 దాకా బావులు ఉండేవని అంచనా, చాలా బావులు ఇళ్లలోనే ఉన్నాయి. పెద్ద స్నానవాటిక 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. అందులో ఏదో పవిత్ర కార్యం జరిగిందనుకోవచ్చు. 'పూజారి రాజు' అని మనం పిలుచుకునే బొమ్మ 17.5 సెంటీమీటర్ల ఎత్తు ముక్క. ఆ బిరుదు తవ్వినవాళ్లు ఇచ్చింది. సుమేరులో చూసినదాన్ని ఇక్కడ కూడా వెతకాలన్న తొందరలో ఇచ్చింది. హరప్పాలో ధాన్యాగారమని పేరుపెట్టిన కట్టడంలో ధాన్యం దాచిన ఆధారమే లేదు.

దేవుడికి మాట ఇచ్చిన రాజు లేకుండానే ఇంటింటికీ నీళ్లు అందే ఏర్పాటు ఒకటి సాధ్యమైంది. దాన్ని ఎవరు నడిపారో సింధు లిపి చదవగలిగే దాకా తేలదు. అయితే ఆ మనుషుల్లో కొందరు సుమేరు వెళ్లారని మాత్రం తెలుసు. సుమేరువాళ్లు ఈ ప్రాంతాన్ని మెలుహా అన్నారని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. మెలుహా భాషకి దుబాసీగా పనిచేసిన షు-ఇలిషు అనే మనిషి ముద్ర పారిస్‌లో ఉంది. ఉర్ మూడో వంశం నాటికి లగష్ ప్రాంతంలోనే మెలుహా పల్లె అని ఒకటి ఉండేది. ఆ పల్లె గాదె గురించి, అక్కడి నుంచి అందిన బార్లీ గురించి పలకలున్నాయి. అప్పటికి ఆ పల్లెవాళ్ల పేర్లు చాలావరకు సుమేరు పేర్లే. ఇంట్లోనే బావి ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన కుటుంబాలు, ఉరుకగినా ఉల్లిమళ్ల గురించి రాయించిన ఆ నేల మీదే, షుల్గి రాయసగాళ్లకి గింజలు కొలిచి లెక్క చెప్పుకుంటూ బతికాయి.